ఆరోగ్యమే మహాభాగ్యం: అది గ్యాసేనా?



మా రాజపాళయంలో మనవాళ్ళ ఇంట ఏ వేడుకకు వెళ్ళినా, పంక్తిలో ఒక మాట వినపడుతూనే ఉంటుంది: "నాకొద్దు వదినా, కడుపంతా గ్యాసు." మా పెద్దక్క ఆరు నెలలు అదే అంది. వాము నమిలింది, మాత్రలు మింగింది. లంగా బొందు బిగుతైతే "ఒళ్ళొచ్చిందే" అని నవ్వుకున్నాం. చివరికి మధురైలో స్కాన్ తీస్తే అండాశయ క్యాన్సర్ అన్నారు. అప్పటికే కడుపంతా పాకింది.

ఎలా పాకిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. చాలా క్యాన్సర్లు రక్తంలో, లింఫ్ నాళాల్లో ప్రయాణిస్తాయి. దీని ప్రధానమైన దారి వేరు. అండాశయం పొట్ట కుహరంలోనే ఉంటుంది, అడ్డుగోడ లేదు. వ్యాధి కణాలు (చాలామందిలో ఇవి అండవాహిక కొసనే పుడతాయట) ఊడి, గుంపులుగా పొట్టలోని ద్రవంలో తేలతాయి. నూలు మిల్లులో దూది నుసి గాలికి తిరిగి మూలల్లో పేరుకున్నట్టు, ఇవి ఊపిరికీ పేగుల కదలికకూ కొట్టుకుపోయి, ఉదరపు లోపలి పొరమీద, డయాఫ్రం కింద, పేగుల ముందు వేలాడే ఓమెంటం అనే కొవ్వు తెరమీద వాలతాయి. ఆ కొవ్వే వాటికి మేత అని 2011లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. విత్తనానికి తగ్గ నేల కావాలని స్టీఫెన్ పేజెట్ అనే వైద్యుడు 1889లోనే అన్నాడు. ద్రవం బయటికి పోయే దారులు మూసుకుపోతే పొట్టలో నీరు నిలుస్తుంది. మేము ఒళ్ళనుకున్నది ఆ నీరే!

అక్కను డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారు 1954లో స్థాపించిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకెళ్ళాం. ఆపరేషన్‌లో ఓమెంటం కూడా తీసేశారు, కీమో ఇచ్చారు. మూడేళ్ళు మా మధ్య ఉంది.

పాప్ స్మియర్ పరీక్ష దీన్ని పట్టదు. లక్షణాలు లేనివారికి నమ్మదగిన ముందస్తు పరీక్ష ఇంకా లేదు. కనుక కడుపుబ్బరం, రెండు ముద్దలకే నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం, ఇవి కొత్తగా మొదలై రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, ముఖ్యంగా 50 దాటినవారు, స్త్రీల వైద్యురాలిని కలిసి స్కాన్, సి.ఏ.125 రక్తపరీక్ష అవసరమా అని అడగండి. తల్లికో తోబుట్టువుకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి దాచకండి. చాలామందికి అది ఉత్త గ్యాసే అని తేలుతుంది. తేలితే మంచిదే కదా!

ఈసారి పంక్తిలో ఎవరైనా "గ్యాసు వదినా" అంటే నవ్వి ఊరుకోకండి. "ఎన్నాళ్ళుగా?" అని అడగండి. నేను మా అక్కను ఆ మాట అడగలేదు.