ఊరు మారిన కుటుంబాలు

పుట్టిన ఊరిని విడిచి వెళ్ళడం ఎవరికీ సులభం కాదు. అయినప్పటికీ ఇరవయ్యవ శతాబ్దంలో కోస్తా జిల్లాల నుండి, ముఖ్యంగా మార్టూరు వంటి ఊళ్ళు గల గుంటూరు, ప్రకాశం సీమల నుండి, ఎన్నో రైతు కుటుంబాలు దూరప్రాంతాలకు తరలివెళ్ళాయి. మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కొందరిని నిజామాబాదు ప్రాంతానికి రప్పించింది. 1945లో శంకుస్థాపన జరిగి, 1953లో నీరందించిన తుంగభద్ర జలాశయం మరెందరినో కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతాలకు చేర్చింది. ఇక్కడ ఒక ఎకరం అమ్మితే అక్కడ అనేక ఎకరాలు కొనవచ్చుననే ఆశయే వారిని నడిపించింది. వారు వెలయించిన ఊళ్ళను నేటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు.

కొత్తచోట సేద్యమొక్కటే వారికి ఆధారం కాలేదు. వరి పండిన చోట బియ్యపు మిల్లు అవసరమైంది. పైరుకు ఎరువుల దుకాణం, ధాన్యానికి లారీ, కూలికి వచ్చినవారికి ఫలహారశాల కావలసివచ్చాయి. అన్న పొలం చూస్తే తమ్ముడు కొట్టు నడిపాడు. ఇంటి ఇల్లాలు వసారాలో పచారీ సరుకులు పెట్టి, అరువు పద్దులు తానే వ్రాసుకొన్నది. ఒక పంట పోయిన ఏట ఆ చిన్న కొట్టే ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది.

ఈ శ్రమ కొనియాడదగినదే. కాని ఆ అభివృద్ధి అంతా వలస వెళ్ళినవారి ప్రతిభయే అనడం సగం సత్యమని నా అభిప్రాయం. ఆనకట్టలు ప్రజాధనంతో కట్టినవి. నీటి విలువ తెలియకముందే మెట్టభూములను తక్కువ ధరకు అమ్ముకొన్న స్థానిక రైతులు కొందరు ఆ పొలాల్లోనే కూలీలయ్యారు. అరువిచ్చి ఆదుకొన్న కొట్టే కొన్నిచోట్ల వడ్డీతో పేదవాని చేను మింగింది. మితిమీరి నీరు పెట్టినందువల్ల కొన్ని నేలలు చవుడుబారాయి. గెలిచినవారి కథతోపాటు ఈ కథను కూడా చెప్పుకొన్నప్పుడే చరిత్ర నిండుగా ఉంటుంది.

ఈ సంగతి నేడు మనకెందుకు? 2022లో బాపట్ల జిల్లాలో చేరిన మార్టూరు ఇప్పుడు వలసలను ఆహ్వానించే ఊరు. ఇక్కడి గ్రానైటు పరిశ్రమలలో ఇతర రాష్ట్రాల కార్మికులు రాతి ధూళి నడుమ పనిచేస్తున్నారు. వారిలో ఒకరు రేపు జాతీయ రహదారి ప్రక్కన చిన్న టీ కొట్టు పెట్టుకోవచ్చు. వారి పిల్లలు మన బడిలో తెలుగు నేర్చుకోవచ్చు. మనవారు పరాయిచోట కొట్టు తెరిచిన తొలినాళ్ళలో, భాష రాకున్నా సరుకు కొని ఆదరించినవారు అక్కడి ఇరుగుపొరుగువారే. ఆ ఋణం మనపై ఉన్నది. మన ఊరికి వచ్చినవారికి న్యాయమైన కూలి, అద్దెకు ఇల్లు, పేరుపెట్టి పిలిచే మర్యాద ఇచ్చినప్పుడే అది తీరుతుంది.