కోడిగుడ్డుకు ఈకలు పీకేవారు కావాలి

మన సభల తీరు మనకు తెలిసిందే. జ్యోతి ప్రజ్వలనం, స్వాగతవచనం, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, చివర చేతులెత్తి ఆమోదించే తీర్మానాలు. ఆహ్వానపత్రం అచ్చయిన నాడే సభలో ఏం జరగనున్నదో తేలిపోతుంది. ఇటువంటి సభలు వద్దని నేననను. పొరుగు రాష్ట్రాలలో తెలుగువారం ఉన్నామని చాటడానికి అవి కావాలి. అయితే బడిలో తెలుగు తరగతి మూతపడబోతున్నప్పుడు అక్కరకు వచ్చేది లెక్కే.

ఒక తరగతిలో పదిమంది గానీ, బడి మొత్తంలో నలభైమంది గానీ పిల్లలుంటే వారికి మాతృభాషలో ప్రాథమిక విద్య అందించాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం నిర్ణయించింది. రాష్ట్రాలూ స్థానిక సంస్థలూ అందుకు తగిన వసతులు కల్పించడానికి పూనుకోవాలని 1956లో ఏడవ సవరణద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతున్నది. బడి తెరవకముందే పిల్లల భాషను నమోదుచేసే ముందస్తు పట్టిక ఉండాలన్నది తరువాత అంగీకరించిన రక్షణలలో ఒకటి. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయ్యాక, హోసూరు ప్రాంతపు తెలుగువారికి ఈ లెక్క మరింత ముఖ్యమయింది.

మన ఊరి బడిలో నిరుడు తెలుగు పిల్లలెందరు? ఈ ఏడు ఎందరు? ముందస్తు పట్టిక తెరిచారా? తెలుగు ఉపాధ్యాయుని స్థానం ఏ నెలనుండి ఖాళీగా ఉన్నది? వీటికి జవాబు తెలిసినవారు ప్రతి ఊరిలోనూ ఒకరిద్దరుంటారు. విశ్రాంత ప్రధానోపాధ్యాయుడో, పాత దస్తావేజులు చదవగల పెద్దాయనో, ప్రతి రసీదునూ దాచుకునే ఇల్లాలో. సభలో వారు లేచి అడిగితే కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నారని నవ్వి కూర్చోబెడతారు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి వారు రారు.

అందుకే నెలకొకసారి ఎజెండా లేని కూడిక పెట్టుకుందామని నా సూచన. ఇందులో చిక్కొకటుంది. వివరం కోరే మనిషికి ఎజెండా లేని సభంటేనే గిట్టదు. ఏం మాట్లాడతారో తెలియకుండా ఎందుకు రావాలంటారు. అది న్యాయమైన ప్రశ్నే. ఖాళీ సమయం దొరికితే మరో ప్రసంగం పుడుతుందని వారి అనుభవం.

కనుక పిలుపు స్పష్టంగా ఉండాలి. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పాలి. ఆనాడు తీర్మానాలుండవని చెప్పాలి. మీ దగ్గరున్న కాగితమేదైనా తీసుకురండి, దానిగురించే మాట్లాడుకుందాం అనాలి. వచ్చినవారు తెచ్చినదే ఆనాటి అంశం. ఎవరు ఏం చెప్పారో, ఎవరు ఏం కనుక్కుని రావాలో ఒకరు రాసిపెట్టాలి. తరువాతి కూడికలో మొదట దానినే చదవాలి.

ఎజెండా ముందే రాస్తే మనకు తెలిసిన సమస్యలే అందులోకి వస్తాయి. తెలియనివి ఒక ఇంటి పెట్టెలోనో, ఒక హాజరుపట్టీలోనో ఉండిపోతాయి.

హోసూరైనా, బళ్ళారైనా, రాయగడైనా, వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా మీ ఊరిలో ఇటువంటి నలుగురి పేర్లు రాసుకోండి. ఇంటికి వెళ్ళి పిలవండి. తరగతిలో తొమ్మిదిమందే ఉన్నారని అధికారి అన్ననాడు, పదో బిడ్డ ఏ వీధిలో ఉన్నదో చెప్పగలిగేది వారే.