నారుమడి లేని సేద్యం

కంకిపాడు ప్రాంతంలో పుట్టి పెరిగిన వారికి నారుమడి అంటే ఏమిటో వివరించనక్కరలేదు. ఊడ్పులకు పూనుకొనే రైతు ముందుగా ఒక మూల చిన్న మడి కట్టి, నారు పోసి, మొలక తీరును గమనిస్తాడు. చీడ కనిపిస్తే అక్కడే సరిచేస్తాడు. మడిలో జరిగిన పొరపాటు మడితోనే పోతుంది. పొలంలో జరిగిన పొరపాటు ఏడాది పంటను తీసుకొనిపోతుంది. తరతరాలుగా మన రైతుకు తెలిసిన ఈ వివేకం నేటి మన కంప్యూటరు విద్యలో కొరవడుతున్నదని మా అభిప్రాయం.

పరీక్షా ఫలితాల పుటలో హాల్‌టికెట్ నంబరు ఇవ్వగానే ఎవరి మార్కులు వారికి కనిపిస్తాయి. ఆ పుటను ఎవరూ ముందుగా వ్రాసి పెట్టలేదు; అడిగినవారిని బట్టి అప్పటికప్పుడు తయారవుతుంది. ఇట్టివాటినే డైనమిక్ వెబ్ అప్లికేషన్లు అంటారు. వీటికి మూడు అంగాలు కావాలి: కోరికను అందుకొనే సర్వర్, పుటను కూర్చే భాష, సమాచారాన్ని భద్రపరచే డేటాబేస్. ఈ పనులకు ప్రసిద్ధి చెందిన అపాచీ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మూడూ 1995లోనే వెలుగు చూశాయి. ఈ మూడు అంగాలను ఒకే పొట్లంగా అందించే ఎక్సాంప్ 2002లో వచ్చింది. నేడు అందులో మైఎస్‌క్యూఎల్‌కు బదులు దాని తోబుట్టువు వంటి మరియాడీబీ ఉంటున్నది. దానిని స్థాపించుకొన్న కంప్యూటరు తనకు తానే సర్వర్ అవుతుంది. బ్రౌజరులో 'లోకల్‌హోస్ట్' అని వ్రాస్తే మన పుట మనకు కనిపిస్తుంది. ఒకసారి స్థాపించిన పిమ్మట ఇంటర్నెట్టు కూడా అక్కరలేదు. పైసా ఖర్చు లేదు. ఇదే మన నారుమడి.

కాని జరుగుతున్నదేమిటి? అనేక కళాశాలలలో విద్యార్థి ప్రోగ్రామును రికార్డు పుస్తకంలోకి అందంగా ఎత్తి వ్రాస్తాడు. దానిని నడిపి చూడడు. 'పిల్లలు యంత్రాలను పాడుచేస్తారు' అన్న భయంతో ప్రయోగశాలకు తాళం పడుతుంది. ఈ భయంలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఎక్సాంప్ ఒక ఫోల్డరులో ఇమిడి ఉంటుంది. పాడైతే తీసివేసి మరల పెట్టుకోవచ్చును. పాడుచేసి బాగుచేసుకొనే అవకాశమే అసలైన పాఠం.

ఈ మాట మేము ఇతరులకు చెప్పే ముందు మా తప్పును ఒప్పుకోవాలి. రెండేండ్ల క్రితం కొందరు విద్యార్థులతో కలిసి ఉర్దూ, తెలుగు కవితల వెబ్ పుట ఒకటి తయారుచేశాము. తొందరపడి, ముందుగా మా యంత్రంపై పరీక్షించకుండానే, అద్దె సర్వరుపై పెట్టాము. మరునాడు చూస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలు! డేటాబేస్ పట్టిక లాటిన్ లిపికి కట్టుబడి ఉన్నదని మేము చూసుకోలేదు. తనకు తెలియని అక్షరానికి బదులు అది ప్రశ్నార్థకాన్నే దాచుకొన్నది. అట్లు పోయిన అక్షరం తిరిగి రాదు. ఒక విద్యార్థిని తన దాదీ నోట విని నేరుగా ఆ పుటలోనే టైపు చేసిన ఉర్దూ గీతాలు మరెక్కడా లేవు. ఆ అమ్మాయి మళ్లీ దాదీ పక్కన కూర్చున్నది. రెండవసారి ఆ పెద్దావిడకు కొన్ని చరణాలు గుర్తుకు రాలేదు.

యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగుకు మూడు బైట్లు పడతాయి. మైఎస్‌క్యూఎల్ 2018 నాటి 8.0 కూర్పు నుండి మాత్రమే అన్ని లిపులకూ చోటిచ్చే అమరికను తనంత తానే ఎన్నుకొంటున్నది. కనుక ఇంగ్లీషుతో పరీక్షించి 'బాగున్నది' అనుకొనేవారికి ఈ లోపం ఎన్నటికీ కనిపించదు. రెండు భాషల మనకు అది మొదటి రోజే కనిపించవలసినది. మన పరిస్థితి భారం కాదు, మంచి గీటురాయి.

ఇది అసాధ్యమైన పని కాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో ఆరంభమైంది. ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో మొదలైంది. ఒకటి ఎడమ నుండి కుడికి, మరొకటి కుడి నుండి ఎడమకు సాగుతుంది. రెండింటినీ నడిపేది పీహెచ్‌పీలో వ్రాసిన మీడియావికీ ఒక్కటే. దానిని ఎవరైనా ఉచితంగా తెచ్చుకొని తమ కంప్యూటరుపై నడిపి, లోపలి పనితీరును చదువుకోవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇంతే. సాయంకాలం రెండు గంటల పాటు ప్రయోగశాల తలుపు తెరిపించండి. మార్కులు ఎత్తి వ్రాసిన రికార్డుకు కాక, నడిచిన ప్రోగ్రాముకు ఇప్పించండి. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రెండవ అధికార భాషగా చేసే బిల్లును ఆమోదించింది. రెండు లిపులనూ నిలబెట్టగల పనివారు మన తరగతి గదుల నుండి రాకపోతే మరెక్కడి నుండి వస్తారు?

విద్యార్థులారా! మీ నారుమడిలో మొదటి రోజున ఒక తెలుగు వాక్యం, ఒక ఉర్దూ వాక్యం నాటండి. రెండూ చెక్కుచెదరకుండా తిరిగి వచ్చిన తరువాతనే పొలంలోకి దిగండి. మాకు ఆ ఓపిక లేకపోయింది, మీకు ఉండాలి.