చక్రానికంటిన మసి

కార్లు కడగడం గురించి కాలేజీ సంచికలో వ్యాసమేమిటని నవ్వే మిత్రులుంటారు. నవ్వండి, అభ్యంతరం లేదు. కాని కిందటి వేసవి సెలవుల్లో రెండు నెలలు నేను బైపాస్ రోడ్డు మీది ఒక వాటర్ సర్వీసింగ్ షెడ్డులో కార్లు కడిగాను. నాలుగు సెమిస్టర్లు కెమిస్ట్రీ చదివి తెలుసుకోనిది ఆ రెండు నెలల్లో తెలిసింది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కారు ఒంటి మీద పడే దుమ్ము వేరు, చక్రానికి పట్టే మసి వేరు. దుమ్ము నీళ్లు కొడితే జారిపోతుంది. ముందు చక్రాల మీద, ముఖ్యంగా అల్లాయ్ చక్రాల మీద పేరుకునే నల్లటి పొడి అలా పోదు. అదీ రోడ్డు దుమ్మేనని మొదట్లో నేననుకున్నాను. కాదు. అది బ్రేకు అరిగి రాలిన పొడి.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. వెయ్యి కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల చొప్పున పోతూంది. అర ఎం వి స్క్వేర్ ప్రకారం దాని గతిశక్తి 2 లక్షల జౌళ్లు. బండి ఆగేటప్పుడు ఇందులో చాలా భాగం బ్రేకుల దగ్గర వేడిగా మారిపోతుంది. మొత్తం శక్తితో ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి దాదాపు 78 డిగ్రీల దాకా కాచవచ్చు. ఒక్కసారి ఆగితేనే ఇంత! పోత ఇనుముతో చేసిన డిస్కును ప్యాడ్లు రెండు పక్కల నుంచీ నొక్కి పట్టుకుంటాయి. ఆ రాపిడికి డిస్కూ అరుగుతుంది, ప్యాడ్లూ అరుగుతాయి. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు తూగుతుంది గనుక ముందు బ్రేకులకే పని ఎక్కువ, ముందు చక్రాలకే మసి ఎక్కువ. వెనక డ్రమ్ బ్రేకులున్న బండ్లలో ఆ పొడి చాలావరకు డ్రమ్ములోనే వుండిపోతుంది. కనిపించదు, అంతే, లేదని కాదు.

కాలేజీ తెరిచాక ఈ పొడిని కాగితంలో పొట్లం కట్టి ల్యాబ్‌కు తెచ్చాను. అయస్కాంతం చూపిస్తే లేచి అంటుకుంది. సజల హైడ్రోక్లోరికామ్లంలో వేసి, ఒక చుక్క నత్రికామ్లంతో వేడిచేసి, పొటాషియం థయోసైనేట్ కలిపితే పరీక్షనాళిక నెత్తురు రంగుకు తిరిగింది. సాల్ట్ అనాలిసిస్‌లో మనమంతా చేసే ఫెర్రిక్ పరీక్షే. ఇనుముతోపాటు ప్యాడ్లలో కలిపే రెజిను, గ్రాఫైటు, బేరియం సల్ఫేటు, కొన్నింటిలో రాగి, యాంటిమొని కూడా ఈ మసిలో వుంటాయి. వేడి మీద చక్రానికి అంటుకున్న ఇనప రేణువు తడి తగిలితే తుప్పు పడుతుంది. వారాల తరబడి వదిలేస్తే గోధుమరంగు చుక్కలై చక్రం మీది పూతను కొరికేస్తుంది. ఇక అది షాంపూకు లొంగదు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

మా షెడ్డులో ఒక నీలం క్యాను వుండేది. దానికి లేబుల్ లేదు. అందులోది మగ్గులో వంచి, నీళ్లు కలిపి, బ్రష్షుతో పూస్తే క్షణాల్లో మసి విడిపోయేది. చేతికి గ్లౌజుల్లేవు, కంటికి అద్దాల్లేవు. ఒక సాయంత్రం ఒక కారు ఆసామి వచ్చి, "ఏరా, చక్రాలింకా నల్లగానే వున్నాయేం?" అని గద్దించాడు. నాకంటే ఏడాది చిన్నవాడైన కుర్రాడు కంగారులో నీళ్లు కలపకుండానే పోసి రుద్దేశాడు. అప్పటికప్పుడు ఏమీ కాలేదు. రాత్రి పదింటికి వేళ్లు సలపడం మొదలైంది. వేళ్ల చివరలు తెల్లగా పాలిపోయాయి. "అన్నా, తట్టుకోలేకపోతున్నా" అని ఏడ్చాడు. ఆసుపత్రికి తీసుకుపోతే డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఏ యాసిడ్?"

నా దగ్గర జవాబు లేదు. బియస్సీ కెమిస్ట్రీ విద్యార్థిని, రెండు నెలలుగా ఆ క్యాను పక్కనే పనిచేస్తున్నాను, అయినా లేదు. ల్యాబ్‌లో సీసా మీద పేరు చదవందే మూత తీయని నేను, షెడ్డులో ఒక్కసారైనా "ఇదేమిటి?" అని అడగలేదు. నా చదువు ల్యాబ్ గుమ్మం దాటి బయటికి రాలేదన్నమాట.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తర్వాత తెలుసుకున్నాను. చక్రాల మసి వదలగొట్టడానికి వాడే ఘాటు ద్రావణాల్లో కొన్నింట హైడ్రోఫ్లోరికామ్లం గాని, అమ్మోనియం బైఫ్లోరైడ్ గాని వుంటుంది. గాజును సైతం తినే ఆమ్లమని మనం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నది అదే. పలచగా వుంటే అది వెంటనే మండకపోవచ్చు. చర్మంలోకి దిగి, శరీరంలోని కాల్షియాన్ని పట్టేసుకుని, గంటల తర్వాత నొప్పి పుట్టిస్తుంది. దానికి నీళ్లతో కడగడమొక్కటే చాలదు, కాల్షియం గ్లూకొనేట్ జెల్ కావాలి. మా క్యానులో వున్నది అదేనని నేననడం లేదు. అందులో ఏముందో ఎవరూ చెప్పలేకపోవడమే నా ఫిర్యాదు. కుర్రాడి వేళ్లు మానడానికి మూడు వారాలు పట్టింది. మూడు వారాల కూలీ పోయింది.

మా నాన్న చదివింది అయిదో తరగతి. చేలో పురుగుమందు కొట్టేరోజు గాలివాటం చూస్తాడు, మూతికి తువాలు కడతాడు. డబ్బా మీది గుర్తు ఎరుపో, పసుపో, నీలమో, ఆకుపచ్చో చూసిగాని మూత తీయడు. ఎర్రది కొరివి లాంటిదని అక్షరం రానివాళ్లకు కూడా మా వూళ్లో తెలుసు. పురుగుమందు డబ్బాకున్న ఆ పాటి గుర్తు, పట్నంలో చక్రాలు కడిగే క్యానుకు ఎందుకుండకూడదు?

ఇంకొక దురలవాటు: డ్రమ్ము విప్పి గాలి పైపుతో పొడి ఊదెయ్యడం. వెనకటి బ్రేకు లైనింగుల్లో క్యాన్సరు తెచ్చే ఆస్‌బెస్టాస్ విస్తారంగా వాడేవారు. ఫలానా లైనింగులో ఏముందో తెలియనప్పుడు ఊదకూడదు, తడిపి తుడవాలి. ఆరోగ్యం కార్మికుడి ప్రాథమిక హక్కని 1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులోనే చెప్పింది. ఆ హక్కు మన రోడ్డు పక్క షెడ్డుల దాకా నడిచి రాలేదు.

"కార్లున్నవాళ్ల గొడవ మనకెందుకు?" అంటారేమో. చక్రానికి అంటుకున్నది కొంతే. మిగతాది గాలిలోకి, మురుగు కాలవలోకి పోతుంది. ఈ రాగి కాలవల్లో కలిసి చేపలకు హాని చేస్తున్నదని అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో ప్యాడ్లలో రాగిని తగ్గించే చట్టాలు చేశాయి. ఐరోపా వారు 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనల్లో బ్రేకు పొడికి కూడా హద్దు పెట్టారు: మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, బ్యాటరీ కార్లకు 3. పొగగొట్టం లేని బండికి కూడా మసి వుందని ఒప్పుకున్నారన్నమాట.

మరి ఏం చేయాలి? కారున్నవారు వారానికొకసారి చక్రాలు కడిగిస్తే ఆమ్లంతో పనే వుండదు. చక్రం చల్లారాక, నీడలో, వేరే బకెట్టుతో, షాంపూ నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. మొండి మసికి థయోగ్లైకొలేట్ ద్రావణాలున్నాయి. ఇనుము తగలగానే ఊదారంగుకు తిరుగుతాయి. వాసన భరించాలి, గ్లౌజులు వేసుకోవాలి, ఆరిపోకముందే కడిగేయాలి. ముందుచూపుతో నెమ్మదించి నడిపితే అసలు మసే తగ్గుతుంది. షెడ్డు యజమానులు పేరులేని క్యాను కొనకూడదు. గ్లౌజులు, కళ్లద్దాలు ఖర్చు కాదు, బాకీ.

ఇక మన వంతు. మన సంఘం, కెమిస్ట్రీ అసోసియేషన్ కలిసి తెలుగులో ఒకే ఒక్క పేజీ అచ్చు వేయించలేవా? ఏది వాడవచ్చు, ఏది ముట్టరాదు, చేతిమీద పడితే ఏం చేయాలి - అంతే. ఒక్క ఆదివారం తిరిగితే ఊళ్లోని షెడ్డులన్నిటి గోడలకూ అంటించవచ్చు. ఎన్నికల పోస్టర్లకు పెట్టే ఖర్చులో అది ఏ మూలకు?

ఆ కుర్రాడు మళ్లీ అదే షెడ్డులో పనికి వెళ్తున్నాడు. మళ్లీ ఎప్పుడైనా ఏ డాక్టరైనా "ఏ యాసిడ్?" అని అడిగితే, జవాబు ఆ క్యాను మీద రాసి వుండాలి.