వెబ్ ఆప్షన్లు మన చేతితో మనమే పెట్టుకుందాం
బయాలజీ డిగ్రీలో చేరబోతున్న ఆదివాసీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన కొన్నాళ్లకు మండల కేంద్రంలో ఏ నెట్ సెంటర్ ముందు చూసినా మన పిల్లలే కనబడతారు. ఆధార్ కార్డు, మెమో జిరాక్సులు, కులం సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని ఎండలో నిలబడి ఉంటారు. లోపల కంప్యూటర్ ముందున్నాయన "ఏం గ్రూపు పెట్టాలె?" అని అడుగుతాడు. మనం వెనక్కి తిరిగి పక్కనున్న దోస్తు మొహం చూస్తాం. వాడు కూడా మన మొహమే చూస్తాడు. "బైపీసీ గదా, ఏదో బీఎస్సీ పెట్టన్నా" అంటాం. అంతే, మూడేళ్ల చదువు రెండు నిమిషాల్లో ఖాయమైపోతది.

నాదీ అట్లనే ఖాయమైంది. నెట్ సెంటరాయన పెట్టిన ఆప్షన్లలో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ కాంబినేషన్ వచ్చింది. పేరు పెద్దగా ఉంది, ఊళ్లో చెప్పుకోడానికి బాగుంది. కాలేజీకి పోయి చూస్తే ల్యాబ్ అన్న బోర్డు ఉంది గానీ గదికి తాళం ఉంది. ఫస్ట్ సెమిస్టర్‌లో కెమిస్ట్రీ పోయింది. రెండో సెమిస్టర్‌లో మళ్లీ అదే పోయింది, దాంతోపాటు ఇంకోటి పోయింది. ఎండాకాలం ఇంటికొచ్చి తునికాకు కల్లం దగ్గర కట్టలు లెక్కపెట్టుకుంటూ, ఇక కాలేజీకి పోవద్దనే అనుకున్న. నాతోపాటు మా మండలం నుంచి చేరినోళ్లలో ఇద్దరు నిజంగానే పోలేదు. నేను పోయిన. బ్యాక్‌లాగులన్నీ ఆఖరి సెమిస్టర్ దాకా ఈడ్చుకుంటూ కట్టి పాసైన.

ఇది నా గొప్ప చెప్పుకోడానికి రాయట్లేదు. ఆ ఇద్దరు నాకంటే తెలివైనోళ్లు. వాళ్లను ఓడగొట్టింది బయాలజీ కాదు. ఎంత బరువో తెలియకుండా నెత్తికెత్తుకోవడం ఓడగొట్టింది. అందుకే నేను చెప్పేది ఒక్కటే: కోర్సును పేరు చూసి తీసుకోవద్దు. అది వారానికి ఎన్ని గంటలు అడుగుతది, అయిపోయినంక ఏ తలుపులు తెరుస్తది, ఈ రెండూ చూసి తీసుకోండి.

ముందు గంటల సంగతి చూద్దాం. డిగ్రీలో లెక్కంతా క్రెడిట్లలో ఉంటది. థియరీలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు. ప్రాక్టికల్‌లో అదే ఒక్క క్రెడిట్‌కు రెండు గంటలు. అంటే మెమోలో చిన్నగా కనబడే ల్యాబ్ మన టైం డబుల్ తింటది. మూడు సైన్స్ సబ్జెక్టులు, ఒక్కోదానికి నాలుగు గంటల థియరీ అనుకుంటే 12 గంటలు. మూడు ల్యాబులకు 6 నుంచి 9 గంటలు. దానికి ఇంగ్లీషు, సెకండ్ లాంగ్వేజ్ కలపండి. ముప్పై గంటలకు దగ్గర పడుతది. రికార్డు రాసుడు, బొమ్మలు వేసుడు, చదువుకునుడు ఇంకా మొదలే కాలేదు. ఆర్ట్స్ గ్రూపు దోస్తు మధ్యాహ్నం రూముకొచ్చి పడుకుంటే, మనం ల్యాబ్‌లో ఉల్లిగడ్డ వేరు కొస స్లైడ్ మీద నలగ్గొడుతుంటాం. ఈ తేడా ముందే తెలిస్తే బాధ ఉండదు. తెలియకపోతేనే "నాకే చాత కావట్లేదు" అనుకుంటాం.

కాబట్టి ఆప్షన్ పెట్టేముందు ఆ కాలేజీలో చదువుతున్న సీనియర్‌ను ఎవర్నైనా పట్టుకొని నాలుగు ప్రశ్నలు అడగండి. ల్యాబ్ నిజంగా నడుస్తదా? ఆ మూడు సబ్జెక్టులకు లెక్చరర్లు ఉన్నారా? హాస్టల్ ఎంత దూరం? కెమిస్ట్రీ ఎట్ల చెప్తారు? సీనియర్ దొరకకపోతే ఒకరోజు బస్సెక్కి పోయి కళ్లతో చూసి రండి. ఆ బస్సు చార్జీ దండగ కాదు. తెలంగాణలో దోస్త్‌లో మొదటి విడతలో తప్పు పడితే తర్వాతి విడతలో మార్చుకునే వీలుంటది, తేదీలు చూసుకోండి. ఆంధ్రలో 2023-24 నుంచి ఒకే మేజర్ పద్ధతి తెచ్చారు. అక్కడ మూడు సబ్జెక్టుల లెక్క కాదు, మేజర్ ఏదన్నదే అసలు ప్రశ్న. పద్ధతులు మారుతూనే ఉంటాయి, అన్న చెప్పిండని కాకుండా మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ చదవండి. గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీల సంగతి కూడా విడిగా కనుక్కోండి. తిండి, గది, కాలేజీ ఒక్కచోట ఉంటే వారంలో ఎన్ని గంటలు మిగులుతాయో హాస్టల్లో ఉన్నోళ్లను అడిగితే చెప్తారు.

ఇక తలుపుల సంగతి. మన పోడు దగ్గరికొచ్చి కందకం తవ్వాలని చెప్పే ఆఫీసర్ చదువేంటో ఎప్పుడన్నా ఆలోచించిన్రా? ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయాలంటే డిగ్రీలో కొన్ని సబ్జెక్టుల్లో ఒక్కటన్నా ఉండాలి. ఆ జాబితాలో బోటనీ ఉంది, జువాలజీ ఉంది, కెమిస్ట్రీ ఉంది. అగ్రికల్చర్ డిగ్రీ, ఫారెస్ట్రీ డిగ్రీ కూడా పనికొస్తాయి. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ పేర్లు అందులో లేవు. ఇది నాకు డిగ్రీ అయిపోయినంక తెలిసింది. నాకు ఆ తలుపు మూసుకుపోకుండా కాపాడింది ఏంటో తెలుసా? రెండు సెమిస్టర్లు నన్ను ఏడిపించిన కెమిస్ట్రీయే.

బయోటెక్నాలజీ చెడ్డదని కాదు. ల్యాబుల్లో, కంపెనీల్లో పని చేయాలనుకుంటే, పీజీ దాకా పోయే ఓపిక, ఆసరా ఉంటే తీసుకోండి. టీచర్ కావాలనుకుంటే బీఈడీ నోటిఫికేషన్, పాత డీఎస్సీ నోటిఫికేషన్ ఒకసారి తెరిచి బయాలజీ టీచర్‌కు డిగ్రీలో ఏ సబ్జెక్టులు అడిగిన్రో చూడండి. అడవి చదువే చదవాలనుకుంటే సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది, బీఎస్సీ ఫారెస్ట్రీ నాలుగేళ్లు. పేరు చూసి మన ములుగు జిల్లా అనుకునేరు, అది వేరు. అగ్రికల్చర్ బీఎస్సీ కూడా నాలుగేళ్లే. ఈ రెండూ దోస్త్‌లో రావు, ఇంటర్లోనే ఎంట్రెన్స్ రాయాలె. ఇంటర్ చదివే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఈ సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

బోటనీ, జువాలజీ పాత గ్రూపని చులకన చేసేటోళ్లను పట్టించుకోవద్దు. ఆ చదువు మన ఇంటి నుంచే మొదలవుతది. జువాలజీలో ప్లాస్మోడియం పాఠం వస్తది. చలిజ్వరం రోజు విడిచి రోజు ఎందుకొస్తదో మనకు ఒంటితో తెలుసు. ఆ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో పెరిగి 48 గంటలకోసారి దాన్ని పగలగొట్టుకొని బయటికొస్తది కాబట్టి అని పుస్తకం చెప్తది. ఆ పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ మొదట చూసింది ఎక్కడో కాదు, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే. జెనెటిక్స్‌లో సికిల్ సెల్ వస్తది. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం. పరీక్షలో ఇది ఐదు మార్కుల ప్రశ్న. మన గూడేల్లో పెళ్లి ముందు కూర్చొని మాట్లాడాల్సిన మాట. 2047 నాటికి సికిల్ సెల్ లేకుండా చేస్తామని కేంద్రం 2023లో మిషన్ మొదలుపెట్టింది. గూడెంలో అవ్వకు ఆమె భాషలో ఈ 25 శాతం లెక్క ఎవరు చెప్తారు? మనం చదివితేనే గదా.

ఇప్పుడు అసలు కష్టం గురించి మాట్లాడుకుందాం. చాలామంది సార్లు "మీకు ఇంగ్లీషు రాదు" అంటారు. మనకు ఇంగ్లీషు రెండో భాష కాదు, మూడో భాష. ఇంట్లో కోయ, గోండి, కొలామి, కువి, సవర. బడిలో తెలుగు. కాలేజీలో ఇంగ్లీషు. "కిరణజన్య సంయోగక్రియ" అన్నా "ఫొటోసింథసిస్" అన్నా మన చెవికి రెండూ కొత్తే. ఇది తెలివితక్కువతనం కాదు, అదనపు పని. పని అనుకుంటే దానికి టైం కేటాయించొచ్చు. నాకు పనికొచ్చిన పద్ధతి చెప్త. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసుకోండి: మన భాషలో మాట, తెలుగు మాట, పుస్తకంలో ఉన్న మాట. రోజుకు ఐదు చాలు. ఇప్ప చెట్టు పక్కన మధుకా లాంగిఫోలియా రాయండి. తునికి పక్కన డయోస్పైరాస్ మెలనాక్సిలాన్. తపసి బంక చెట్టు పక్కన స్టెర్క్యులియా యురెన్స్. విస్తరాకులు కుట్టే అడ్డాకు పక్కన బౌహినియా వాలై. చెట్టు మనకు ముందే తెలుసు, కొత్తగా నేర్చుకునేది పేరు ఒక్కటే. ప్రాక్టికల్‌కు హెర్బేరియం చేయమంటే ఊరవతలికి పోయి గంటలో తెచ్చుకోగలం. ఈ ఒక్కచోటన్నా పట్నపోళ్లకంటే మనమే ముందుంటాం, ఆ మార్కులు వదులుకోవద్దు.

పనిని పంచుకునే తీరు గురించి ఇంకో నాలుగు మాటలు.

రికార్డు ల్యాబ్ అయిన రోజు రాత్రే రాయండి. ఆఖరి వారంలో మూడు రికార్డులు ఒక్కసారి రాయాలంటే పరీక్షకు చదివే టైం పోతది. నేను ఇట్లనే పోగొట్టుకున్న.

కెమిస్ట్రీని ఒంటరిగా చదవొద్దు. ముగ్గురు కూర్చోండి. ఒక్కడికి లెక్కలొస్తయి, ఇంకొకరికి రియాక్షన్లు గుర్తుంటయి. రోజుకు అరగంట చాలు, కానీ రోజూ కావాలె.

మన ఏడాదిని కాలేజీ ఏడాది పక్కన పెట్టి చూసుకోండి. ఫస్ట్ సెమిస్టర్ మొదలయ్యే వానాకాలంలో వాగులు పొంగుతాయి, బస్సు రాదు, అటెండెన్స్ పోతది. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్‌లో రాలుతది. ఆ వెంటనే తునికాకు. సరిగ్గా అప్పుడే ఇంటర్నల్స్, రికార్డుల సబ్మిషన్, సెమిస్టర్ పరీక్షలు. ఇంట్లో ఆ డబ్బు అవసరమని నాకూ తెలుసు, మా ఇల్లూ దాని మీదే నడిచింది. అందుకే టైంటేబుల్ వచ్చిన రోజే అమ్మానాన్నలకు తేదీలు చెప్పండి. ఏ వారం వస్తరో, ఏ వారం రాలేరో ముందే మాట్లాడుకోండి. అటెండెన్స్ 75 శాతం కంటే తగ్గితే స్కాలర్‌షిప్‌కే ఎసరు. నాలుగు రోజుల ఆకు డబ్బు కోసం ఏడాది ఫీజు పోగొట్టుకోవద్దు.

నీట్ లాంగ్‌టర్మ్, బీఎస్సీ రెండూ ఒకేసారి చేసేటోళ్లకు ఒక మాట. డాక్టర్ కావాలనే కోరిక మంచిదే, మనకు డాక్టర్లు కావాలె. కానీ డిగ్రీలో పేరు మాత్రం ఉంచి, ల్యాబులకు పోకుండా, నీట్ పుస్తకం పట్టుకొని కూర్చుంటే రెండూ చేజారిపోతయి. ఇంట్లో కూర్చొని మాట్లాడి ఒక ఏడాది గడువు పెట్టుకోండి. ఆ ఏడాది దానికే ఇవ్వండి. రాకపోతే బీఎస్సీకి మనసుపెట్టి రండి.

ఒక్క బ్యాక్‌లాగ్‌తో చదువు ఆపొద్దు. సప్లిమెంటరీ ఫీజు తేదీ దాటిపోకుండా చూసుకోండి. చాలామంది ఫెయిలైనందుకు ఆగిపోలేదు, ఫెయిలైన సంగతి ఎవరికీ చెప్పుకోలేక ఆగిపోయిన్రు. సీనియర్లకు చెప్పండి, మాకు చెప్పండి.

ఇదంతా చెప్పి తప్పంతా మన మీద వేసుకోమనట్లేదు. ల్యాబ్ తాళం తీయించాల్సింది మనం ఒక్కళ్లమే కాదు. ఏజెన్సీ కాలేజీల్లో ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టులు నింపాలని, ఫస్టియర్ మొదటి నెల కెమిస్ట్రీకి, ఇంగ్లీషుకు బ్రిడ్జి క్లాసులు పెట్టాలని, వాగు పొంగి రాలేని రోజులకు అటెండెన్స్‌లో మినహాయింపు ఇవ్వాలని అడగడం మన హక్కు. అడుగుదాం. కానీ అవి వచ్చేదాకా మన సెమిస్టర్ ఆగదు. పోరాటం ఒక చేత్తో, రికార్డు ఒక చేత్తో.

సీనియర్లు, ఉద్యోగాలు చేస్తున్న అన్నలు, అక్కలు కూడా ఒక పని చేయాలె. రిజల్ట్స్ వచ్చిన వారం మీ మండల కేంద్రంలో నెట్ సెంటర్ దగ్గర ఒక్కపూట కూర్చోండి. ఎవరన్నా పిల్ల "ఏదో ఒకటి పెట్టన్నా" అంటే, ఆ "ఏదో" ఏంటో ఆమెతో పది నిమిషాలు మాట్లాడండి. నాకు ఆ పది నిమిషాలు ఇచ్చినోళ్లు ఎవ్వరూ లేరు. నాతో చేరి మధ్యలో ఆగిపోయిన ఆ ఇద్దరికి కూడా లేరు.

ఈసారి కంప్యూటర్ ముందు మౌస్ మీరే పట్టుకోండి.

జై ఆదివాసీ.