నీటినాళిక సాక్ష్యము

ఊరగాయ జాడీలో తడిగరిటె పెట్టరాదని మన తల్లులు మనకు బాల్యముననే నేర్పిరి. ఆ తడి కంటికి కనబడదు. కొన్ని దినములు గడచిన పిమ్మట బూజు మాత్రము కనబడును. ఈ మాసమున మేము వ్రాయదలచిన విషయమును ఇట్టిదే. అయితే అది వంటయింటిది గాదు, ప్రయోగశాలది.

మా చెల్లెలి కుమార్తె జీవసాంకేతిక శాస్త్రమున ప్రయోగవిద్య నభ్యసించుచున్నది. సెలవులలో మాయింటికి వచ్చినప్పుడు, అక్కడ మొదట నేర్చినదేమని యడిగితిమి. "నీళ్లు కొలుచుట, దొడ్డమ్మా!" అని నవ్వెను.

ఆ కొలతసాధనము పేరు మైక్రోపిపెట్. లీటరులో పదిలక్షలవ వంతును మైక్రోలీటరందురు. ఆ లెక్కను ఇది ద్రవమును కొలుచును. పైనున్న మీటను మొదటి యడ్డు తగులువరకు నొక్కి, కొనను ద్రవమున ముంచి, మెల్లగా వదలవలెను. వేఱొక నాళికలో విడుచునప్పుడు రెండవ యడ్డువరకు నొక్కవలెను. తొందరపడినచో గాలి చొచ్చి కొలత తగ్గును. చేయి కుదిరినదో లేదో త్రాసు చెప్పును: 1000 మైక్రోలీటర్ల నీరు ఇంచుమించు 1 గ్రాము తూగవలెను. ఒక్కమారు తూగిన చాలదు. పదిమార్లు కొలిచిన పదిమార్లును అట్లే తూగవలెను. ఈ యొక్క పనికే ఆమెకు వారము పట్టినదట.

పిదప పి.సి.ఆర్. నేర్చెను. 2020 మొదలు కరోనా దినములలో మన ముక్కులనుండి పుల్లతో తీసిన నమూనాలను పరీక్షించినది ఈ పద్ధతితోనే. డి.ఎన్.ఏ.లో వెదకదలచిన భాగమును యంత్రము ఒక్కొక్క ఆవృత్తియందు రెట్టింపు చేయును. 30 ఆవృత్తులు ముగియునప్పటికి, లెక్కప్రకారము, ఒక్క ప్రతి నూరుకోట్లకు మించును. పొరపాటున చొచ్చిన లేశమును అట్లే పెరుగును. అందుచేత నమూనాకు బదులు శుద్ధజలమును పోసిన నాళిక నొకదానిని ప్రతిమారు ప్రక్కన నుంచుదురు. ఫలితమును జెల్ అను మెత్తని పలకపై చూచునప్పుడు, వెదకినది యున్నచోట గీత కనబడును. నీటినాళికకు మాత్రము గీత రారాదు.

సెలవుల పిమ్మట ఒకనాడు ఆమె నీటినాళికకు గీత వచ్చెను. తక్కినవన్నియు కోరినట్లే యున్నవి. మరునాడే ఫలితముల నొప్పగింపవలెను. ఆ రాత్రి మాకు ఫోను చేసి దుఃఖించెను. మేమేమంటిమో వ్రాయుటకు సిగ్గగుచున్నది. "తక్కినవి బాగున్నవి గదా, ఆ యొక్కదాని మాట యెత్తకుము తల్లీ" అంటిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "దొడ్డమ్మా, ఇది రోగి నమూనాయై, ఆ రోగివి నీవే యైనచో ఇట్లే యందువా?" అనెను. మాకు బదులు తోచలేదు.

ఆమె ఉన్నది ఉన్నట్లు పుస్తకమున వ్రాసెను. ఆ పుస్తకమునకు నియమములు గలవు. సిరాతో వ్రాయవలెను, తేదీ వేయవలెను, పుట చింపరాదు, తప్పు వ్రాసినచో అది చదువ వీలగునట్లు ఒక్క గీతతో కొట్టి, ప్రక్కన సంతకము చేయవలెను. అట్లు వ్రాసిన వెనుకటి పుటలే దారి చూపినవి. ముందునాడు పెరిగిన డి.ఎన్.ఏ. నాళికలను తెఱచిన బల్లమీదనే నీటిసీసాను గూడ తెఱచియుండెను! ఆ నీటిని పారబోసి, క్రొత్తనీటితో, వేఱొక బల్లపై, మొదటినుండి మరల చేసెను. మూడు దినములు పోయినవి. ఆలస్యమునకు మార్కులును తగ్గినవి. కాని నీటినాళిక నిర్మలముగ నుండెను. అంతేకాదు, మొదట గీత చూపిన నమూనాలలో ఒకదానికి ఈమారు గీత రాలేదు. కలదన్నది లేదని తేలెను!

రోగుల నమూనాలను పరీక్షించు ప్రయోగశాలలకు ఐ.ఎస్.ఓ. 15189 అను అంతర్జాతీయ ప్రమాణము గలదు. మన దేశమున ఎన్.ఏ.బీ.ఎల్. దాని ననుసరించి గుర్తింపు నిచ్చును. పరీక్షకు పోవునప్పుడు ఆ గుర్తింపును విచారించుట మంచిది. అయితే ప్రమాణము కాగితముపై నున్నంతమాత్రమున చాలదు. ఎవరును చూడనివేళ పనిచేయు చేతిలో నుండవలెను.

మావారు బడిపిల్లల లెక్కలు దిద్దునప్పుడు కొట్టివేసిన యంకెలను గూడ చదివెదరు. కాలము వ్యర్థమని మేము ఆక్షేపించెడివారము. ఇక నాక్షేపింపము. మన బిడ్డలు తమ తప్పును తామే చెప్పుకొనవచ్చినప్పుడు, దానిని దాచు నుపాయము మననోట రాకుండుగాక.