మైకు మీరు పట్టుకోండి, కుర్చీలు మేం తెచ్చుకుంటాం

జిల్లా ఎన్నికల అధికారులైన సూర్యాపేట, నల్లగొండ కలెక్టర్లకు,

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. చాలామంది గెలుద్దామని కాదు. ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకర్లు పోయిన ఊళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే చట్టం మార్చి 500 రూపాయల డిపాజిట్‌ను 10,000 చేశారు. ఇప్పుడది 25,000. కూలి మనిషికి ఆ తలుపూ మూసుకుంది.

మరి కోపం ఎటు పోవాలి? సాగర్ ఎడమ కాల్వ చివరి మడికి నీళ్లందకపోతే కోదాడ రైతు రోడ్డెక్కుతాడు. మిర్యాలగూడ మిల్లు ముందు ధాన్యం ట్రాక్టర్ మీదే రాత్రంతా జాగారం చేసినవాడు ఓట్లప్పుడు తిట్లే లంకించుకుంటాడు. నేనైతే తప్పుపట్టను. కాకపోతే తిట్టును నాయకుడు నవ్వి దులిపేసుకుంటాడు, సూటి ప్రశ్నను దులుపుకోలేడు.

ఈసారి ప్రచారం ముగిసేలోగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒక్కో సాయంత్రం అభ్యర్థులందరినీ ఒకే వేదికెక్కించండి. చీటీలో పేరొచ్చిన ఓటరు అడగాలి; అభ్యర్థి మూడు నిమిషాల్లో చెప్పాలి. జెండాలు, డప్పులు గేటు బయటే. మైకు మీ సిబ్బంది చేతిలోనే ఉండాలి. మార్కెట్ యార్డు ఇస్తే చాలు, కుర్చీలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక ఓటరు